దానపత్రంలో పేర్లు

అమ్మా,

నీ కథ రెండుసార్లు చదివాను. ఫ్రాన్సులో అక్విటేన్ ప్రాంతాన్ని ఏలిన డ్యూక్ గియోమ్, క్లూనీ అనే క్రైస్తవ సన్యాసుల మఠానికి భూమి ఇచ్చిన సంగతి తెలుగులో రాయాలనుకున్నందుకే నాకు సంతోషం వేసింది. కానీ మొదటి పేజీలోనే ‘ఆయన గొప్ప భక్తుడు’ అని తేల్చేశావు. ఇక చదివేవాళ్లు తెలుసుకోవడానికి ఏం మిగిలింది?

వేటకుక్కల ముచ్చటతో మొదలుపెట్టావు. క్లూనీ తన కుక్కలుండే చోటని డ్యూక్ వెనకాడితే, దేవుడి ముందు అక్కరకొచ్చేది కుక్కలా, సన్యాసుల ప్రార్థనలా అని మఠానికి మొదటి అధిపతి బెర్నో అడిగాడంటారు. బాగుంటుంది, కానీ అది తర్వాతివాళ్లు చెప్పుకున్న కథ. దాన్ని పక్కన పెట్టి దానపత్రం తెరువు. 909 అని కొందరు, 910 అని కొందరు అంటారు. సెప్టెంబరు 11న బుర్జ్ నగరంలో రాయించింది.

పుణ్యం ఎవరెవరికి చేరాలో అందులో వరసగా ఉంది. ముందు, 898లోనే చనిపోయిన రాజు ఓద్. అప్పుడు ఏలుతున్న రాజు షార్ల్ పేరు తేదీ దగ్గరే కనిపిస్తుంది. తర్వాత అమ్మానాన్నలు, తను, భార్య ఎంగెల్బెర్గా. ఆ తర్వాత సోదరి అవా. ఆ ఆస్తి అవా వీలునామాతో ఆయనకు వచ్చిందే! నీ కథలో ఆమె ఎక్కడా లేదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మేనల్లుళ్లు, బంధువులందరూ ఆ వరసలోనే ఉన్నారు.

కాస్త కిందికి వస్తే ఆ బంధువులే మళ్లీ కనిపిస్తారు, ఈసారి భయంగా. మఠం క్రీస్తు అపొస్తలులైన పేతురు, పౌలులకే చెందుతుంది. తన మీద గానీ, తనవాళ్ల మీద గానీ, రాజు మీద గానీ ఆధారపడకూడదన్నాడు. బంధువైనా పరాయివాడైనా కాదంటే బైబిల్లో మోషే మీద తిరగబడ్డ దాతాను, అబీరాముల్లా భూమి మింగేయాలి, 100 పౌండ్ల బంగారం జరిమానా కట్టాలి. మన రాగిశాసనాల చివర శాపాలు చదివినవాళ్లకి ఈ గొంతు తెలుసు. 918లో ఆయన చనిపోయాక కొడుకు లేక పదవి మేనల్లుడికే వెళ్లింది. ఎవరి ఆత్మ కోసం దానమిచ్చాడో, వాళ్ల చేతుల నుంచే దాన్ని కాపాడుకోవాల్సి వచ్చింది. నీ కథ అక్కడుంది.

ఇంకొక్క వాక్యం. ద్రాక్షతోటలు, అడవులు, పిండిమరల జాబితాలోనే ఆడా మగా కట్టుబానిసలు కూడా ఉన్నారు. వాళ్లకు పేర్లు లేవు. మళ్లీ రాసేటప్పుడు అక్కడ కాసేపు ఆగు, తల్లీ. రాశాక నాకు పంపు.