మీ నాన్నకు అన్నీ తెలుసు

అమ్మాయీ,

నువ్వు పంపిన కథ, దానితో పాటు రాసిన ఉత్తరం అందాయి. నాన్న పోయి ఏడాది తిరక్కుండానే ఇంత రాయగలిగావంటే నీది చిన్న గుండె కాదు. చదువుతూ రెండుచోట్ల ఆగి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాను. పత్రికకు పంపమంటారా అని అడిగావు. ఇప్పుడే వద్దు. ఎందుకో చెప్తాను, నొచ్చుకోకు.

నీ కథలో అందరికీ అన్నీ తెలుసు, మీ నాన్నకు తప్ప. రిపోర్టు చూసి ఏడ్చింది మీరు, డాక్టరుతో మాట్లాడింది మీరు, అప్పుల కోసం తిరిగింది మీరు. ఆయనేమో మంచం మీద చిన్నపిల్లాడిలా నవ్వుతూ, గొంతులో పుండు మానగానే మళ్ళీ ఆటో తీస్తానంటూ ఉంటాడు. చదివేవాళ్ళకు జాలి కలుగుతుంది, నిజమే. కానీ ఆ జాలి తప్ప మనిషి మిగలడం లేదు. మీ నాన్న అంత అమాయకుడని నేను నమ్మను. నమ్మకపోవడానికి కారణాలు నీ కాగితాల్లోనే ఉన్నాయి.

మూడో పేజీ తీసి చూడు. బయాప్సీ రిపోర్టు వచ్చాక ఆయన్ను రెడ్ హిల్స్ తీసుకెళ్తారు. క్యాన్సర్ అన్న మాట ఆయన చెవిన పడకూడదని నువ్వు ఆటో అతనితో 'నీలోఫర్ దవాఖాన' అంటావు. పిల్లల దవాఖాన, క్యాన్సర్ దవాఖాన ఒకే చోట ఉన్నాయి కాబట్టి ఉపాయం బాగానే ఉంది. తీరా అతను నీలోఫర్ ముందు ఆపబోతే, మీ నాన్న వెనక సీట్లోంచి 'ఈడ కాదు భయ్యా, జర ముందుకు పోనీ' అంటాడు. తర్వాతి వాక్యంలోనే నువ్వు ఓపీ చీటీల లైను దగ్గరికి వెళ్ళిపోయావు.

ముప్ఫై ఏళ్ళు ఈ ఊళ్ళో ఆటో నడిపిన మనిషమ్మా ఆయన. ఎం.ఎన్.జె. క్యాన్సర్ దవాఖాన 1955 నుంచీ ఉంది. నాంపల్లి స్టేషన్లో తెల్లవారుజామున రైలు దిగి, స్కానింగ్ కవర్లు చంకలో పెట్టుకుని 'క్యాన్సర్ దవాఖానకు వస్తవా' అని అడిగేవాళ్ళను ఎంతమందిని ఎక్కించుకుని ఉంటాడో ఆలోచించు. ముద్ద దిగడం లేదని చెప్పుకునేవాళ్ళు కూడా ఆయన వెనక సీట్లో కూర్చునే ఉంటారు. ఆ పూట ఆ సీట్లో తనే కూర్చున్నాడు. కూతురు అబద్ధం చెప్పడం విన్నాడు, ఎవరి కోసం చెప్తోందో తెలుసుకున్నాడు. నిన్ను ఒక్క మాట అడగలేదు. దిగాల్సిన చోటు మాత్రం తనే చూపించాడు. ఓపీ లైను సగానికి తగ్గించి, ఈ ప్రయాణానికి రెండు పేజీలు ఇవ్వు. లకడీకాపూల్ దాటాక ఆయన చేతులు ఎక్కడ ఉన్నాయి? మీటర్ వైపు చూశాడా? గుర్తుంటేనే రాయి, లేకపోతే ఊహించి నింపకు.

ఆటో అమ్మిన సంగతీ ఇలాంటిదే. మొదట వెళ్ళిన ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నదంతా ఊడ్చుకుపోయాక మీ తమ్ముడు బండి అమ్మేశాడు. కిరాయికి ఇచ్చామని నాన్నకు చెప్పి, రోజూ సాయంత్రం తన జీతంలోంచే కొంత తీసి 'కిరాయి' అని ఆయన చేతిలో పెట్టేవాడు. ఆయన లెక్కపెట్టుకుని పాలకని మీ అమ్మకు ఇచ్చేవాడు. ఒకరోజు మాత్రం 'బండి సర్వీసింగ్‌కు వస్తది కదా, ఈ వారం కిరాయి తీస్కోకు, పాపం ఆ పిల్లగానికి గిరాకీ ఉన్నదో లేదో' అన్నాడని రాశావు. నువ్వు దాన్ని ఆటో మీద మమకారంగా చూపించావు. నాకు మాత్రం ఆ మాట కొడుకు కోసం అన్నదేమో అనిపించింది. నెలాఖరుకు వాడి జేబు ఎలా ఉంటుందో తండ్రికి తెలియదా? ఏది నిజమో కథలో తేల్చొద్దు. మాట ఉన్నదున్నట్టు ఉంచి, వెనక రాసిన వివరణ నాలుగు వాక్యాలూ కొట్టేయి.

రెండు పొరపాట్లు కూడా దిద్దుకోవాలి. మొదటి కీమో అయిన మర్నాడే దిండు నిండా జుట్టు అని రాశావు. జుట్టు రాలే మందైనా మామూలుగా రెండు మూడు వారాలు పడుతుంది. మీ ఇంట్లో నిజంగా జరిగింది గుర్తు తెచ్చుకుని రాయి, సినిమాలో చూసింది కాదు. రెండోది ఇంకా ముఖ్యం. మార్ఫిన్ మొదలుపెట్టడాన్ని 'చావు చీటీ' అన్నావు. ఆ మాట అచ్చులో పడితే దాన్ని చదివిన ఏ ఇల్లాలో భయపడి భర్తకు మాత్ర ఆపేస్తుంది. నొప్పికి తగ్గట్టు డాక్టరు లెక్కకట్టి ఇచ్చే మార్ఫిన్ మనిషిని ముందే చంపదు. మలబద్ధకం తెస్తుంది, దానికీ మందిస్తారు. 1985 మాదకద్రవ్యాల చట్టం తర్వాత మన దేశంలో అది దొరకడమే గగనమైపోయి, ఎందరో అరుస్తూ పోయారు. 2014లో చట్టం సవరించాకే దారి కాస్త తెరుచుకుంది. నొప్పి పదికి ఎంత అని నర్సు అడిగితే నాన్న మీ అమ్మ ముందు 'మూడు' అని, ఆమె గది దాటగానే 'ఎనిమిది రాసుకో బిడ్డా' అనేవాడని రాశావు చూడు, ఆ మనిషిని చూపించు. మందును దయ్యాన్ని చేయకు.

మీ అమ్మ దగ్గర కథ నిండుగా ఉంది. అన్నవాహిక జబ్బులో ముందు గట్టి తిండి ఆగుతుంది, తర్వాత మెత్తనిది, ఆఖరికి మంచినీళ్ళు. ఆమె పెరుగన్నం పిసికింది, తర్వాత మిక్సీ పట్టింది, తర్వాత జావ వడగట్టింది, చివరికి కడుపులోకి వేసిన ట్యూబులో సిరంజితో పోసింది. మంచి తిండిపుష్టి ఉన్న మనిషి ఎదురుగా తినలేక బాల్కనీలో నిలబడి చింతకాయ తొక్కుతో నాలుగు ముద్దలు మింగి వచ్చేది. ఆయన పిలిచి 'ఈడ కూసోని తిను, జూస్త' అన్నాడు. ఆమె కూర్చుని తిన్నది. ఇక్కడ నువ్వు ఒక్క విశేషణం కూడా వాడలేదు. కథంతా ఇలా రాయి.

ఇక ముగింపు. కథలో ఆయన ఇంట్లో, మీ అమ్మ ఒడిలో కన్నుమూశాడు. ఉత్తరంలో మాత్రం జరిగింది రాశావు: శవం ఇంట్లో ఉండడానికి వీల్లేదని ఇల్లుగలాయన ముందే అన్నాడనీ, నాన్నే 'ఆ ఖాజాగూడ దిక్కు పోదాం, ఆడ మంచిగ చూస్తరంట' అన్నాడనీ, ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్ళను చూసుకునే అక్కడి హాస్పిస్‌లో పోయాడనీ, 'కన్నతండ్రిని అక్కడ పడేశారు' అని మీ మేనత్త పదోరోజు అందరి ముందూ అన్నదనీ. ఆ మాటకు జడిసే కథలో చోటు మార్చావని నాకు తెలుస్తూనే ఉంది. మార్చకమ్మా. అద్దె ఇంట్లో చావడానికి కూడా ఓనర్ ఒప్పుకోవాలని తెలిసిన మనిషి, ఆ అవమానం పెళ్ళాంబిడ్డల మీద పడకుండా తనే బయల్దేరాడు. దాన్ని దాచేస్తే ఆయన చేసిన పనిని దాచినట్టే. మేనత్త మాట కూడా ఉండనీ. ఆమెకూ తమ్ముడు పోయాడు, పాపం. పిండం కాకి ముట్టలేదన్న పేరా మాత్రం తీసెయ్, అది అందరి కథల్లోనూ ఉంది.

తిరగరాశాక ముందు అమ్మకు చదివి వినిపించు. ఆమె వద్దన్న వాక్యం ఎంత బాగున్నా వదులుకో.

దానికన్నా ముందు ఇంకో పని ఉంది. చిలకలగూడలో ఆయన ఆటో అడ్డాకు నువ్వు ఒక్కసారైనా వెళ్ళావా? కథలో ఆ స్నేహితులు పాడె మోయడానికి తప్ప కనిపించలేదు. మీతో అనని మాటలు వాళ్ళతో అని ఉంటాడు. దవాఖానకు వెళ్ళే ముందురోజు అక్కడికి వెళ్ళాడేమో, ఎవరి దగ్గరైనా చేబదులు ఇచ్చిందీ తీసుకున్నదీ తేల్చుకున్నాడేమో. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ చూసి వెళ్ళు. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టకు, నోట్‌బుక్ తీయకు. ఫలానా ఆయన బిడ్డనని చెప్పి, వాళ్ళతో కూర్చుని చాయ్ తాగు. వాళ్ళంతట వాళ్ళే మొదలుపెడతారు.

ఆశీస్సులతో.