బెడ్‌పాన్ పెట్టే ముందు

చిట్టీ,

మహబూబ్‌నగర్‌లో నీకు ఆర్థో (ఎముకల) వార్డు ఇచ్చారని మీ అమ్మ చెప్పింది. బీపీ, షుగరు చూడడం నీకు నేను నేర్పనక్కర్లేదు. మోషన్ సంగతే చెప్తా, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

రౌండ్స్‌లో పదిమంది ముందు "మోషన్ అయిందా తాతా?" అంటే ఎవరైనా "అయింది బిడ్డా" అనే అంటారు. తర్వాత దగ్గరికి వెళ్లి, చిన్నగా అడుగు: ఎన్ని రోజులైంది, ఉండలు ఉండలుగా వస్తుందా, ముక్కాల్సి వస్తుందా. తేదీతో కేస్ షీట్‌లో రాయి. రాయకపోతే డ్యూటీ మారగానే ఆ లెక్క పోతుంది.

కొత్తలో నేను చేసిన తప్పు విను. తుంటి విరిగిన ముసలామె, 5 రోజులుగా మంచంలోనే, నొప్పికి ట్రమడాల్ నడుస్తోంది. 6వ రోజు పక్క మీద నీళ్లలా కొంచెం కొంచెం పోతుంటే విరేచనాలనుకుని మోషన్ మెత్తబడడానికి ఇచ్చే లాక్టులోజ్ ఆపించాను. హెడ్ సిస్టర్ గ్లవుజు వేసుకుని చూస్తే లోపల రాయిలా గట్టిపడి ఉంది. పక్కల నుంచి కారే నీళ్లనే నేను చూసింది. "పొద్దటి నుంచి చెప్తున్న గదా సిస్టరమ్మా, బరువుగా ఉందని" అంది ఆ ముసలామె. నిజమే, చెప్పింది.

మంచం పట్టినవాళ్లకు పేగు మందగిస్తుంది. ట్రమడాల్, మార్ఫిన్, ఐరన్ మాత్రలతో ఇంకా బిగుస్తుంది. దానికి తోడు మాటిమాటికి బెడ్‌పాన్ అడగాలని సిగ్గుపడి నీళ్లే తాగరు. గుండె, కిడ్నీ పేషెంట్లకు డాక్టర్ చెప్పినంతే ఇవ్వు, మిగతావాళ్లను తాగించు.

పొద్దున చాయో టిఫినో కడుపులో పడ్డాక పేగు తనంతట తానే కదులుతుంది. సరిగ్గా అప్పుడే మనం డ్రెస్సింగులు పెట్టుకుంటాం! ఆ అరగంట వదిలెయ్. లేవగలిగితే కమోడ్ కుర్చీ, పాదాల కింద చిన్న పీట. లేవలేకపోతే, డాక్టర్ వద్దనకుంటే, తలవైపు మంచం ఎత్తు. నల్లగొండలో మర్రిగూడ వైపు నుంచి ఫ్లోరోసిస్ ముసలివాళ్లు వచ్చేవారు, వెన్ను కర్రలా బిగిసి. ఇద్దరం పట్టి పక్కకు దొర్లించి, పాన్ ఆనించి, మెల్లగా వెనక్కి తిప్పి, నడుము కింద మడిచిన దుప్పటి పెట్టేవాళ్లం. స్క్రీన్ లాగు, పక్కవాళ్ల అటెండెంట్లను బయటికి పంపు, "అయిందా, అయిందా" అనకు.

ఇంటివాళ్లు బత్తాయి రసం పిండి తెస్తారు. తొనలే తినిపించమను, పీచు వాటిలోనే ఉంటుంది. నీళ్లు తాగనివాళ్లకు ఇసబ్‌గోల్ మాత్రం వద్దు, లోపలే గట్టిపడి అడ్డం పడుతుంది.

డాక్టర్ రాస్తే మోషన్ అయ్యే బిసాకోడిల్ మాత్ర రాత్రి ఇవ్వు, పొద్దునకు పనిచేస్తుంది. కింద నుంచి పెట్టే సపోజిటరీకి గంట కూడా పట్టదు, పాన్ దగ్గర పెట్టుకో. ఎనీమా ఇచ్చేటప్పుడు ఎడమ పక్కకు తిప్పు. కానీ కడుపు ఉబ్బి, వాంతులై, గ్యాసు కూడా పోవట్లేదంటే అవేవీ ఇవ్వకు. రాత్రి 2 అయినా సరే, డాక్టర్‌ను లేపు. విసుక్కుంటే విసుక్కోనీ.

దసరాకు వస్తా.

మీ పెద్దమ్మ