జీపీఐఓ పిన్నుతో పీడబ్ల్యూఎం డ్రైవర్ రాసేవాడికి

చిరంజీవికి ఆశీస్సులు.

బోర్డులో హార్డ్‌వేర్ పీడబ్ల్యూఎం (పల్సుల వెడల్పు మార్చి ఎల్‌ఈడీనో సర్వో మోటార్‌నో అదుపు చేసే పద్ధతి) పిన్నులు అయిపోయాయి కాబట్టి మామూలు జీపీఐఓతో, అంటే సాఫ్ట్‌వేర్ ఎత్తి దించే సాధారణ పిన్నుతో, డ్రైవర్ రాస్తానన్నావు. లినక్స్ 6.11 నుంచి పీడబ్ల్యూఎం-జీపీఐఓ అనే డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది, ముందు అది చదువు. పాత కెర్నెల్ వదలలేని పరిస్థితి అయితేనే సొంతంగా రాయి.

పని చేసేదంతా హెచ్‌ఆర్‌టైమర్, అంటే కెర్నెల్‌లోని సన్నటి గడువుల టైమర్. పిన్ను ఎత్తి, డ్యూటీ (ఒక పూర్తి చుట్టు, అంటే పీరియడ్‌లో, పిన్ను ఎత్తి ఉండే సమయం) అంతసేపటికి టైమర్ పెడతావు. అది మోగగానే పిన్ను దించి, మిగతా పీరియడ్‌కి మళ్లీ పెడతావు. ఆ 'మళ్లీ' దగ్గరే కొత్తవాళ్లు బోల్తా పడతారు. కాల్‌బ్యాక్ (టైమర్ మోగితే నడిచే ఫంక్షన్) నడిచిన క్షణం నుంచి లెక్కేస్తే ప్రతిసారీ జరిగిన ఆలస్యం పోగుపడి పీరియడ్ సాగిపోతుంది. మోగాల్సిన గడువు నుంచే లెక్కెయ్యి. అంటే గడువును ముందుకు జరిపే హెచ్‌ఆర్‌టైమర్ ఫార్వర్డ్‌కి ప్రస్తుత సమయం బదులు గెట్ ఎక్స్‌పైర్స్ విలువ ఇవ్వాలి.

కొత్త విలువలు అందుకునే అప్లై ఫంక్షన్‌కీ కాల్‌బ్యాక్‌కీ మధ్య స్పిన్‌లాక్ (రెండూ ఒకేసారి డేటా ముట్టకుండా ఆపే తాళం) తప్పదు, ఇంటరప్టులను ఆపి పట్టుకునే ఐఆర్‌క్యూ సేవ్ రకం వాడు. ఆ లాక్ పట్టుకుని మాత్రం హెచ్‌ఆర్‌టైమర్ క్యాన్సిల్ పిలవకు నాన్నా! కాల్‌బ్యాక్ ముగిసేదాకా క్యాన్సిల్ ఆగుతుంది, నీ లాక్ కోసం కాల్‌బ్యాక్ ఆగుతుంది; ముందు నువ్వంటే నువ్వని బోర్డు బిగుసుకుపోతుంది. కొత్త విలువలు వస్తే పక్కన దాచి, తర్వాతి పీరియడ్ మొదట్లో మార్చు. మధ్యలో మారిస్తే ఒక పల్స్ వికృతంగా వెళ్తుంది.

ఐ2సీ ఎక్స్‌పాండర్ (ఐ2సీ తీగల మీద అదనపు పిన్నులిచ్చే చిప్) మీది పిన్ను పనికిరాదు. దాన్ని మార్చాలంటే నిద్రపోవాలి, టైమర్ ఇంటరప్ట్‌లో నిద్ర కుదరదు. డ్రైవర్ మొదలయ్యే ప్రోబ్ ఫంక్షన్‌లోనే జీపీఐఓడీ క్యాన్‌స్లీప్ అడిగి, అవునంటే ఎర్రర్ ఇచ్చెయ్. డ్యూటీ 0 శాతం, 100 శాతం అయితే టైమరే వద్దు, పిన్ను ఒక స్థితిలో వదిలెయ్.

హై రెజల్యూషన్ టైమర్స్ కాన్ఫిగ్ ఆన్‌లో ఉందా చూడు. లేకపోతే హెచ్‌జెడ్ 100 (సెకనుకు 100 టిక్కుల) కెర్నెల్‌లో 10 మిల్లీసెకన్ల కంటే సన్నటి గడువు దొరకదు. ఎల్‌ఈడీకి 1 కిలోహెర్ట్జ్ పెట్టినా సెకనుకు 2000 ఇంటరప్టులు, చిన్న ప్రాసెసర్‌కి అదే బరువు. 200 హెర్ట్జ్ చాలు.

పరీక్షించేటప్పుడు సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నెల్ సెట్టింగులు ఫైళ్లుగా కనిపించే చోటు) పీరియడ్ 20000000 నానోసెకన్లు రాశాకే డ్యూటీ సైకిల్ 1500000 రాయి. తిరగేస్తే ఈఇన్వాల్, అంటే చెల్లని విలువ అనే ఎర్రర్, వస్తుంది. తప్పులు పట్టే పీడబ్ల్యూఎం డీబగ్ కాన్ఫిగ్ ఆన్ చెయ్యి. బోర్డుకి పని ఒత్తిడి ఉండేలా పక్కన కెర్నెల్ కంపైల్ పెట్టి, ఆసిలోస్కోప్‌లో పల్స్ అంచు చూడు, ఖాళీ బోర్డు మీద అందంగానే ఉంటుంది. పల్స్ వెడల్పు 1 మిల్లీసెకను మారితే 90 డిగ్రీలు తిరిగే సర్వోకి 50 మైక్రోసెకన్ల ఊగిసలాట అంటే నాలుగున్నర డిగ్రీలు. అంత వణికితే కోడ్‌తో కుస్తీ మానేసి, పీడబ్ల్యూఎం తనే ఇచ్చే పీసీఏ9685 చిప్ పెట్టు. దానికి 16 చానెళ్లు, డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది.