లాయరు వద్దంటే కమాండర్ ఆగుతాడా?

దాడికి లక్ష్యాన్ని ఎంచుకునేటప్పుడు సైన్యంలోని న్యాయ సలహాదారు మాట నిజంగా చెల్లుతుందా, లేక ఆయన ఉన్నది సంతకానికేనా అని అడిగారు. నేను ఆర్టిలరీలో పనిచేసి రిటైరయ్యాను. లాయరును కాను, లాయరు ముందు నీళ్లు నమిలినవాణ్ణి.

మేజర్‌గా ఉన్నప్పుడు ఒక శిక్షణలో ఇసుకతో ఊరు, వాగు, వంతెన అమర్చారు. ఊరి చివర రేకుల షెడ్డు. అందులో శత్రువు మందుగుండు ఉందని మాకిచ్చిన సమాచారం. ఎన్ని గుండ్లు, ఎంత సేపు అన్నది గడగడా అప్పజెప్పాను. మూలన కూర్చున్న జాగ్ ఆఫీసర్ (న్యాయ విభాగం వాళ్లను అలాగే పిలుస్తాం) మెల్లగా అడిగారు: "ఈ ఫొటో ఎప్పటిది మేజర్?"

అంచున చిన్న అక్షరాల్లో తేదీ ఉంది. పదకొండు నెలల పాతది. "షెడ్డు పక్కన ఈ పొడవాటి కప్పు ఏమిటి?" అదీ చూసుకోలేదు. బడి.

ఆయన కొట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు. కొత్త ఫొటో తెప్పించమన్నారు. బడిలో పిల్లలు లేని వేళ కుదురుతుందా అన్నారు. అంత దూరం నుంచి పేలిస్తే గుండు ఎంత పక్కకు పడొచ్చో నన్నే కమాండర్‌కు చెప్పమన్నారు. దాడితో కలిగే సైనిక ప్రయోజనంతో పోలిస్తే పౌరులకు జరిగే హాని మితిమీరుతుందనిపిస్తే ఆ దాడి చేయకూడదన్నది యుద్ధ నియమం. ఆ తూకం వేసేది కమాండరే, బాధ్యతా ఆయనదే. కమాండర్లకు న్యాయ సలహాదారులు అందుబాటులో ఉండాలని యుద్ధ నియమాలు చెప్పే జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్‌లోని 82వ అధికరణం చెబుతుంది. భారత్, అమెరికా అందులో చేరలేదు. అయినా రెండు సైన్యాల్లోనూ ఈ అధికారులున్నారు. వాళ్లకు వీటో లేదు. కాకపోతే వద్దన్నాక కూడా కొడితే, రేపటి విచారణలో ఆ సలహాయే కమాండర్ మెడకు చుట్టుకుంటుంది.

అసలు చిక్కు వేరే ఉంది. ముందుకొచ్చిన కాగితమే తప్పయితే ఎంత తెలివైన లాయరైనా ఏం చేస్తాడు? 1999 మే 7న బెల్‌గ్రేడ్‌లో యుగోస్లావియా ఆయుధ సేకరణ కార్యాలయం అనుకుని అమెరికా విమానం చైనా రాయబార కార్యాలయం మీద బాంబులు వేసింది. ముగ్గురు చైనా పాత్రికేయులు చనిపోయారు. కొట్టకూడని చోట్ల జాబితాలో రాయబార కార్యాలయం ఉంది, కానీ పాత చిరునామాతో! అది కొత్త భవనంలోకి మారి అప్పటికి కొన్నేళ్లయింది. ఆ కబురు చదివినప్పుడు నాకు ఫొటో అంచున ఉన్న తేదీయే గుర్తొచ్చింది.

మా షెడ్డు సంగతా? కమాండర్ ఆ రోజు కొట్టనివ్వలేదు. నాకు మాత్రం మార్కులు పోయాయి.