స్కర్లీ ముద్దవుతోందా? ఓట్స్ మార్చి చూడండి

స్కర్లీ, అంటే ఉల్లిపాయతో కలిపి కొవ్వులో వేయించే స్కాట్లాండ్ ఓట్స్ వంటకం, పొడిపొడిగా రాక జావలా ముద్దవుతోందని రాశారు కదండీ, చిక్కంతా మీరు వాడిన ఓట్స్‌లోనే ఉంది. అటుకుల్లా అణిచినవి ఇట్టే మెత్తబడిపోతాయి. స్కాట్లాండ్‌లో దీనికి వాడేది రవ్వలా ముతకగా మరపట్టిన ఓట్స్.

పెద్ద ఉల్లిపాయ ఒకటి సన్నగా తరిగి, 50 గ్రాముల గొడ్డు కొవ్వులో (వెన్నైనా సరే) సన్న సెగ మీద బంగారు రంగు వచ్చేదాకా వేయించండి. ఇక్కడ తొందరపడవద్దు, రుచంతా ఈ ఉల్లిపాయదే. తర్వాత 125 గ్రాముల ఆ ఓట్స్ రవ్వ, ఉప్పు, దండిగా మిరియాల పొడి వేసి పది నిమిషాలు కలుపుతూ ఉండండి. నీళ్లు చుక్క కూడా వద్దు! కమ్మని వాసన వచ్చి, గరిటె కింద రవ్వ గరగరమంటుంటే దించేయండి. స్కాట్స్ భాషలో స్కర్ల్ అంటే కీచుమనే చప్పుడు. మూకుడులోని ఆ సందడే ఈ వంటకానికి పేరైంది. కాల్చిన కోడి పక్కన వేడివేడిగా వడ్డించండి.