చిట్టీకి మావయ్య రాసేది

అమ్మా చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. విజయవాడ ఇంట్లో వెనక గది ఖాళీ చేయించి పాటల మిక్సింగ్ మొదలుపెడుతున్నావట, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో హెడ్‌ఫోన్ కూడా కొనేశావట. మన ఇంట్లో ఇంకొకరు ఈ పనిలోకి వస్తున్నారంటే ఎంత సంబరమో. కానీ "దానికి పెద్ద ఆంప్ ఏదో చూస్తోంది అన్నయ్యా" అన్న ముక్క దగ్గర టెన్షన్ పట్టుకుంది. ఆంప్ అంటే హెడ్‌ఫోన్‌కి వెళ్లే సిగ్నల్ బలం పెంచే పరికరమేగా.

ముందు నీ హెడ్‌ఫోన్ ఎన్ని ఓమ్‌లదో, అంటే కరెంటుని ఎంత అడ్డుకుంటుందో, పెట్టె మీద చూడు. 32, 80, 250 ఓమ్‌లలో అమ్ముతారు. 250దే అనుకుందాం. ఒక మిల్లీవాట్‌కి 96 డెసిబెల్స్ మోత ఇస్తుంది. పాటలో మోత పీక్ 110కి చేరాలన్నా పాతిక మిల్లీవాట్లు చాలు, అంటే రెండున్నర వోల్టులు. అదే 32 ఓమ్‌లదైతే ఒక వోల్టు కూడా అక్కర్లేదు. కంప్యూటర్‌కీ హెడ్‌ఫోన్‌కీ మధ్య పెట్టే నీ ఆడియో ఇంటర్‌ఫేస్ ఆ మాత్రం ఇస్తోందేమో మాన్యువల్‌లో చూసుకో. ఇస్తే ఆంప్ జోలికే పోకు. పాతిక మిల్లీవాట్ల పనికి రెండు వాట్ల ఆంప్ ఎందుకే నీకు? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమా?

కొనక తప్పకపోతే, దాని అవుట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే ఆంప్ తన వైపు నుంచి అడ్డుకునే ఓమ్‌లు, నీ హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతు దాటకూడదు. దాటితే కొన్ని హెడ్‌ఫోన్లలో బేస్ ఉబ్బినట్టు వినిపిస్తుంది. అది పాటలోనే ఉందనుకుని నువ్వు తగ్గిస్తావు, తీరా స్పీకర్లలో పెడితే పాట పేలవంగా ఉంటుంది.

ఇక అసలు సంగతి. మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

1996లో మద్రాసులో ఒక డబ్బింగ్ థియేటర్లో అసిస్టెంటుని. మా దగ్గర 600 ఓమ్‌ల పాత ఏకేజీ కే240 హెడ్‌ఫోన్ ఉండేది. మిక్సింగ్ కన్సోల్ సాకెట్‌లో పెడితే దోమ పాడినట్టుండేది. అందుకని విడిగా ఆంప్ పెట్టుకున్నాం, నాబ్ ముప్పాతిక తిప్పితే గానీ వినబడేది కాదు. ఒక రాత్రి రెండింటికి పని ముగించి, హెడ్‌ఫోన్ పీకేసి, నాబ్ అలాగే వదిలేసి పోయాను.

పొద్దున్నే వచ్చి అదే ఆంప్‌కి సోనీ ఎండీఆర్ 7506 హెడ్‌ఫోన్ గుచ్చాను. అది 63 ఓమ్‌లు. అదే వోల్టేజీకి దానిలోకి తొమ్మిదిన్నర రెట్ల పవర్ పోతుంది. పైగా తక్కువ పవర్‌కే గట్టిగా మోగే రకం. ఎడమ కప్పు చెవికి ఆనించుకుని, కుడిది ఇంకా సర్దుకుంటూనే ప్లే నొక్కాను. సినిమాలో మొదటి షాట్‌లోనే తలుపు ధడాలున పడింది. హెడ్‌ఫోన్ విసిరేశాను. చెవిలో కుక్కర్ విజిల్ లాంటి కూత మొదలైంది.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు, ఉద్యోగం పోతుందని భయం. మూడోరోజు ఎడమ చానెల్ అదేపనిగా పెంచుతుంటే మా సార్ చూశాడు. తిట్టలేదు. నాబ్‌ని సున్నాకి తిప్పి, పక్కన తెల్ల టేపు అంటించి, దాని మీద నా పేరు రాశాడు. తిట్టినా బాగుండేది. ఆ కూత ఈరోజుకీ ఉంది.

అందుకే చెప్తున్నా, నాబ్ సున్నాకి తిప్పాకే ప్లగ్ పెట్టు. ఆంప్ ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే గెయిన్ స్విచ్ ఉంటే తక్కువలోనే ఉంచు. పాట మొదలయ్యాక మెల్లగా పెంచుకో. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు పనిచేయొచ్చంటారు. మూడు పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది, 94కి వచ్చేసరికి మిగిలేది గంటే. గంటకోసారి లేచి మీ అమ్మకి కాఫీ పెట్టివ్వు, చెవులకీ విశ్రాంతి, తనకీ సంతోషం.

డబ్బు కట్టే ముందు ఆ ఆంప్ వివరాల కాగితం ఫొటో తీసి పంపు. ఆదివారం ఫోన్ చెయ్యి. ఎత్తకపోతే కంగారుపడకుండా మళ్లీ చెయ్యి, కుడి చెవి దిండుకి ఆనించి పడుకుని ఉంటాను.

మావయ్య