ఆ రోగి కోసం సర్జరీని వదులుకోవాలా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అమ్మాయి ఒడిశాలోనే ఒక బోధనాసుపత్రిలో హౌస్ సర్జన్‌గా చేస్తోంది. హైడ్రోసిల్ (వరిబీజం) ఆపరేషన్ అయిన ఒక రోగి, కట్టు సరిగానే ఉన్నా వదులైందంటూ ఒకే రాత్రి మూడుసార్లు పిలిపించి, మూడోసారి చేయి పట్టుకుని తెలుగులో అసభ్యంగా మాట్లాడాడట. పైవాళ్లకు చెబితే ‘పేషెంటుతో గొడవెందుకు, సర్దుకుపో’ అన్నారట. తనకు సర్జరీ పీజీ చేయాలని కోరిక. రోగులతో పని ఉండని పేథాలజీకి (రక్తం, కణజాల నమూనాలు పరీక్షించే విభాగానికి) మళ్లమని చెప్పమంటారా? – ఒక తండ్రి

జవాబు: చెప్పవద్దండీ. అసలు పేథాలజీలో రోగుల ఊసే ఉండదన్నది సగం నిజమే. గడ్డలోకి సూది పెట్టి నమూనా తీసే ఎఫ్ఎన్ఏసీ పరీక్షకు అక్కడా రోగిని తాకవలసిందే. మీ అమ్మాయికి పేథాలజీ మీద మనసుంటే అది వేరే మాట, కానీ ఒక రోగి వెకిలితనానికి వెరచి ఎంచుకున్న విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేయడం కష్టం.

ఇది ఆమె ఒక్కదానికే ఎదురైన అనుభవమూ కాదు. కెనడాలోని ఒంటారియోలో మహిళా ఫ్యామిలీ డాక్టర్లను అడిగి 1993లో ప్రచురించిన అధ్యయనంలో, జవాబిచ్చిన 422 మందిలో 75 శాతానికి పైగా తమను ఏదో ఒక సమయంలో రోగి లైంగికంగా వేధించాడని చెప్పారు. వారిలో ఎక్కువ మందికి ఆ వేధింపు సొంత రోగుల నుంచి, సొంత క్లినిక్కుల్లోనే ఎదురైంది.

‘సర్దుకుపో’ అన్నవారికి చట్టం తెలియకపోయి ఉండాలి, లేదా తెలిసీ తప్పించుకుని ఉండాలి. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం ఆసుపత్రులకూ వర్తిస్తుంది. పని ప్రదేశానికి వచ్చిపోయే బయటివారి నుంచి కూడా రక్షణ కల్పించవలసిన బాధ్యతను అది యాజమాన్యం మీదే పెట్టింది. రోగి ఉద్యోగి కాడు కాబట్టి ఆ చట్టం కింద ఆసుపత్రిలో ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీకి అతని జీతం కోసే వీలు లేదు, నిజమే. అయినా బాధితురాలు కోరితే అతనిపై క్రిమినల్ చర్య మొదలుపెట్టించడం, ఆమె పోలీసులకు ఫిర్యాదు చేస్తానంటే సాయపడడం యాజమాన్యం విధులు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 74, 75, 79 సెక్షన్లు ఇటువంటి చేష్టలకూ మాటలకూ సంబంధించినవే.

సరిహద్దు జిల్లాల వారికి ఒక చిక్కు ప్రత్యేకంగా ఉంది. అతను తెలుగులో అన్న మాట ఒడియా మాత్రమే తెలిసిన డ్యూటీ సిస్టరుకు నొప్పితో మూలుగుతున్నట్లే వినిపించి ఉండవచ్చు. అంటే పక్కనే మనిషి ఉన్నా సాక్ష్యం సగమే. అందువల్ల అతను ఏ మాట అన్నాడో ఆ మాటనే తెలుగులో రాసి, పక్కన ఒడియాలోనో ఇంగ్లీషులోనో అర్థం రాయమనండి. రాయడానికి సిగ్గుపడి ‘అసభ్యంగా మాట్లాడాడు’ అని ఊరుకుంటే ఫిర్యాదు పలచబడిపోతుంది. మూడుసార్లు పిలిచిన వేళలు, కట్టు చెక్కుచెదరలేదన్న సంగతి, ఆ సమయంలో వార్డులో ఉన్నవారి పేర్లు కూడా అందులో ఉండాలి.

తలకు దెబ్బ తగిలినవారు, మత్తు దిగనివారు, మద్యం మానడంతో మతి తప్పినవారు తెలియక చేతులు వేస్తారు. వారి విషయంలో కోపం కన్నా కేసు షీటులో నమోదు చేయడం, తోడు లేకుండా దగ్గరకు వెళ్లకపోవడం ముఖ్యం. ఇక్కడ మూడుసార్లు సాకు వెతికి మరీ పిలిపించినవాడిని ఆ లెక్కలో వేయడానికి నాకు మనసొప్పడం లేదు.

అతని కట్టు మార్చే పని మరొకరికి అప్పగించమని ఆమె నిస్సంకోచంగా అడగవచ్చు. అత్యవసర పరిస్థితిలో తప్ప, ఎవరికి వైద్యం చేయాలో ఎంచుకునే స్వేచ్ఛ వైద్యులకు ఉందని 2002 నాటి వైద్య నైతిక నియమావళే చెబుతోంది. ఇకపై హైడ్రోసిల్, హెర్నియా, క్యాథెటర్ (మూత్రపు గొట్టం) వంటి పనులకు వార్డు బాయ్‌నో తోటి హౌస్ సర్జన్‌నో వెంట తీసుకువెళ్లడం అలవాటు చేసుకోమనండి. సర్జరీలో స్థిరపడిన తరువాత కూడా అది పనికొచ్చే అలవాటే.

కమిటీకి ఫిర్యాదు ఇవ్వడానికి గడువు మూడు నెలలు. తగిన కారణం చూపితే కమిటీ మరో మూడు నెలల వరకు పొడిగించవచ్చు. హౌస్ సర్జన్లకు పోస్టింగులు మారిపోతుంటాయి, ఆ రోగి డిశ్చార్జి అయి వెళ్లిపోతాడు, ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవారు మరో వార్డుకు వెళ్లిపోతారు. కాబట్టి ఈ వారంలోనే రాసి ఇచ్చి, నకలు మీద చేరినట్లు సంతకం తీసుకోమనండి.